ఆఫ్ అయింది, కానీ తెగలేదు

ఫోను నొక్కి లైటు ఆర్పే ఏర్పాట్లలో చాలావాటి వెనక ఒక రిలే పనిచేస్తుంటుంది. స్విచ్ బోర్డు విప్పితే తీగల మధ్య అగ్గిపెట్టెంత డబ్బా కనబడుతుంది, దాన్నే మాడ్యూలు అంటారు. అందులో ఒక వైఫై చిప్పు, ఆ చిప్పుకు కావలసిన 3.3 వోల్టులను తయారుచేసే చిన్న పవర్ సప్లై, వాటి పక్కన ఒకటో నాలుగో రిలేలు ఉంటాయి. చిప్పు నిన్నమొన్నటిదే గాని రిలే మాత్రం పాతకాలపుది. అమెరికా భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ 1835 నాటికే దాని సూత్రాన్ని ప్రయోగం చేసి చూపాడు. ఆ తర్వాత టెలిగ్రాఫు తీగల మీద దూరం పోయేకొద్దీ నీరసపడే సంకేతానికి మళ్లీ బలం ఇచ్చింది అదే. తీగచుట్టలో చిన్న కరెంటు పారితే అది అయస్కాంతమవుతుంది. ఆ అయస్కాంతం ఒక ఇనుప రేకును లాగుతుంది. రేకు కదిలి, మరో సర్క్యూట్‌లోని రెండు లోహపు మొనలను కలుపుతుంది. కరెంటు ఆగగానే స్ప్రింగు రేకును వెనక్కి లాగి ఆ మొనలను విడదీస్తుంది. రిలే అంటే ఆజ్ఞకు కదిలే రేకు మాత్రమేనన్న ఈ చిన్న సంగతిని మరిచిపోవడం వల్లనే స్మార్ట్ స్విచ్‌ల విషయంలో చాలా ప్రమాదాలు పొంచి ఉంటాయని ఇక్కడ నా వాదన. రిలే ఆఫ్ అయిందంటే దాని అర్థం ఆపమని ఒక ఆజ్ఞ వెళ్లిందనే. ఆ ఆజ్ఞ అమలైందో లేదో, అయినా తీగ సంగతేమిటో విడిగా చూసుకోవాలి. బిగింపులో పాటించాల్సిన జాగ్రత్తలన్నీ ఈ తేడా నుంచే పుడతాయి.

ముందు దూరం లెక్క చూద్దాం. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల ఏసీ అంటాం. అది సగటు విలువలాంటిది. అల శిఖరం దగ్గర అది 325 వోల్టులకు చేరుతుంది. గోడ స్విచ్‌లకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం, ఆఫ్ స్థితిలో మొనల మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఎడం ఉన్నవాటిని మామూలు ఎడం ఉన్న స్విచ్‌లుగా లెక్కవేస్తుంది. 1.2 మిల్లీమీటర్లకు తక్కువైతే దాన్ని సూక్ష్మ ఎడం కింద వేరే తరగతిలో పెడుతుంది. సర్క్యూట్ బోర్డు మీద కూర్చునే చిన్న రిలేల్లో ఈ ఎడం సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. రోజూ లైటు వేసి ఆర్పడానికి అది చాలు. పిడుగు పడ్డప్పుడో, లైనులో పెద్ద మోటారు ఆగినప్పుడో వోల్టేజి ఒక్కసారిగా ఎగదన్నితే మాత్రం ఆ ఎడం మీద భరోసా పెట్టుకోలేం. తూము తలుపు దించితే కాలువ ఆగుతుంది గాని, కింద మడిలో దిగి పని చేసేవాడికి అడ్డుగట్టే కావాలి. రిలే తూము తలుపు లాంటిది. ఇంటి కరెంటు ఏసీ కాబట్టే రిలే ఆ పాటి పనైనా చేయగలుగుతోంది. మొనలు విడిపోతున్నప్పుడు వాటి మధ్య నిప్పురవ్వ లేచి సాగుతుంది. 50 హెర్ట్జ్ ఏసీ సెకనుకు వందసార్లు సున్నాను దాటుతుంది కనుక ఆ రవ్వ సాధారణంగా పది మిల్లీసెకన్లలోగా దానంతటదే ఆరిపోతుంది. డీసీలో ఆ వెసులుబాటు లేదు. ఏసీ 250 వోల్టులకు పనికొచ్చే రిలే మీదే డీసీకి 30 వోల్టులని ముద్రించి ఉండడానికి కారణం అదే. ఇంటి మీది సోలార్ పలకల నుంచి దిగే డీసీ తీగకు ఈ రిలేలు ఎందుకు పనికిరావో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది.

దూరం కన్నా ఆశ్చర్యపరిచేది లీకేజీ. మొనల దగ్గర నిప్పురవ్వను తగ్గించడానికి కొన్ని మాడ్యూళ్లలో మొనలకు అడ్డంగా ఒక కెపాసిటరు, ఒక నిరోధం కలిపి పెడతారు. దాన్ని స్నబ్బర్ అంటారు. కెపాసిటరు విలువ తరచుగా 0.1 మైక్రోఫారడ్. కెపాసిటరు డీసీని ఆపుతుంది గాని ఏసీని కొంత పోనిస్తుంది. ఎంత పోనిస్తుందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. 50 హెర్ట్జ్‌ను 2π తో గుణిస్తే 314. దాన్ని కెపాసిటరు విలువతో, 230 వోల్టులతో గుణిస్తే 7.2 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. రిలే పూర్తిగా విడిపోయి ఉన్నా ఈ కరెంటు బల్బు లాంటి లోడు వైపుకు పారుతూనే ఉంటుందన్నమాట. ఆర్పిన ఎల్‌ఈడీ బల్బు రాత్రి చీకట్లో మిణుకుమిణుకుమంటుంటే దానికి ఒక కారణం ఇదే. బల్బు మిణుకుమనడం చూసి ఊరుకోవచ్చు, కానీ హోల్డరులో వేలు పెడితే సంగతి వేరు. అర మిల్లీ ఆంపియరు దగ్గరే మనిషికి జివ్వుమనడం తెలుస్తుంది. పది మిల్లీ ఆంపియర్ల ప్రాంతంలో కండరాలు బిగుసుకుని, పట్టుకున్నది వదలలేని స్థితి వస్తుంది. ఏడు ఈ రెండింటి మధ్యే ఉంది. ప్రాణం తీయకపోవచ్చు, కానీ నిచ్చెన మీద నిలబడ్డవాణ్ని కింద పడేయడానికి అది చాలు. తీగల్లోంచి బయటికి కారే కరెంటును పసిగట్టి 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర తెగే ఆర్‌సీసీబీ దీన్ని గుర్తించదు కూడా. దాని హద్దులో నాలుగో వంతు కన్నా ఇది తక్కువ.

దీనికి ఒక ఎదురు ప్రశ్న సహజంగా వస్తుంది. మామూలు స్విచ్ ఆపి బల్బు మార్చేవాళ్లు ఊరంతా ఉన్నారు, వాళ్లకేమీ కావడం లేదు, అలాంటప్పుడు రిలేకు ఇంత రాద్ధాంతం ఎందుకని. ఆ ప్రశ్నలో బలం లేకపోలేదు. నిజానికి మామూలు స్విచ్ కూడా పని చేయడానికి తగిన రక్షణ కాదు. దాంట్లో ఫేజుకు బదులు న్యూట్రల్ తెగుతున్నా లైటు ఆరుతుంది, హోల్డరులో మాత్రం కరెంటు ఉంటుంది. అయినా ఆ స్విచ్‌కు ఒక గుణం ఉంది. దాన్ని ఆపిన చెయ్యే దాన్ని మళ్లీ వేయాలి. బల్బు మార్చే మనిషి కళ్లెదుటే అది ఉంటుంది. రిలేను మాత్రం పక్కగదిలోంచి ఒకరు, హైదరాబాదు ఆఫీసులోంచి ఇంకొకరు, సాయంత్రం ఆరు గంటలకని పెట్టిన టైమరు, మాటను తప్పుగా విన్న స్పీకరు, ఎవరైనా సరే వేయవచ్చు. ఎవరూ ఏమీ చేయకపోయినా కరెంటు పోయి తిరిగి వచ్చిన క్షణంలో చిప్పు కొత్తగా లేచి, రిలేను ఏ స్థితిలో పెట్టాలో తానే నిర్ణయించుకుంటుంది. చౌక రిలే బోర్డుల్లో చాలావరకు తక్కువ వోల్టేజి ఇస్తే ఆన్ అయ్యే రకం. చిప్పు లేచేటప్పుడు దాని కాళ్ల మీద వోల్టేజి ఒక క్షణం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకే రిలే టక్కున కలిసి విడిపోతుంది. లైటు విషయంలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. విప్పి పెట్టిన మిక్సీ లోపల చెయ్యి పెట్టినవాడికి మాత్రం ఆ క్షణం చాలు.

అందుకే బిగింపు పని మొదలయ్యేది డీబీ దగ్గర. డీబీ అంటే మీటరు తర్వాత, అతి కరెంటు వస్తే పడిపోయే ఎంసీబీలన్నీ ఉండే పెట్టె. పని చేయబోయే స్విచ్ బోర్డుకు వెళ్లే ఎంసీబీ దించడం అందరికీ తెలుసు. తెలుగు ఇళ్లలో అది చాలకపోవడానికి ఇంకో కారణం ఉంది, ఇన్వర్టరు. కోతల రోజుల్లో పెట్టించుకున్న ఇన్వర్టర్లు ఇప్పటికీ లక్షణంగా పనిచేస్తున్నాయి. ఒకే స్విచ్ బోర్డులో సాకెట్టుకు లైను ఫేజు, లైట్లకూ ఫ్యాన్లకూ ఇన్వర్టరు ఫేజు వేర్వేరుగా వస్తాయి. మెయిన్ దించగానే ఇన్వర్టరు దాన్ని కోత అనుకుని, తన బ్యాటరీలోంచి 230 వోల్టులు తయారుచేసి అదే బోర్డులోకి పంపుతుంది. ఫ్యూజు తీశాను కదా అని ధీమాగా స్క్రూ విప్పేవాడికి ఇంతకన్నా మోసకారి పరిస్థితి ఉండదు. ఇన్వర్టరును దాని స్విచ్ దగ్గరే ఆపి, అవుట్‌పుట్ తీగను కూడా విడదీశాకే బోర్డు విప్పాలి. నాలుగు రిలేలున్న మాడ్యూళ్లలో ఇంకో చిక్కు ఉంది. కొన్నింటికి నాలుగు రిలేలకూ కలిపి ఒకే ఫేజు టెర్మినల్ ఉంటుంది. సాకెట్టు ఫేజునూ లైట్ల ఫేజునూ దాంట్లో కలిపేస్తే ఇన్వర్టరు అవుట్‌పుట్టూ వీధి లైనూ ముడిపడిపోతాయి. అప్పుడు ఇన్వర్టరు కాలిపోవచ్చు. కరెంటు పోయినప్పుడు ఇంట్లోంచి వీధి తీగలోకి ఎదురు సరఫరా వెళ్లి, స్తంభం మీద ఉన్న లైన్‌మ్యాన్‌కు తగలనూ వచ్చు. రెండు ఫేజులున్న బోర్డులో ఆ రకం మాడ్యూలు పెట్టకూడదు.

ఆపాక, నిజంగానే కరెంటు లేదని తేల్చుకోవాలి. ఇక్కడ మనం అతిగా నమ్మేది స్క్రూడ్రైవర్ టెస్టరును. దాని లోపల చిన్న నియాన్ బల్బు, దానికి వరసలో పెద్ద నిరోధం ఉంటాయి. తీగ నుంచి టెస్టరు ద్వారా, మన ఒంటి ద్వారా నేలలోకి అతి చిన్న కరెంటు పారితేనే బల్బు వెలుగుతుంది. ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబడి రబ్బరు చెప్పులు వేసుకుంటే వెలుగు మందగిస్తుంది. ఎండ వెలుతురులో అసలు కనబడదు. అంటే టెస్టరు వెలిగితే కరెంటు ఉండే అవకాశం ఉంది, వెలగకపోతే మాత్రం ఏమీ తేలలేదు. మల్టీమీటరుతోనో, రెండు మొనల టెస్టరుతోనో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్తుకూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య మూడు చోట్లా చూడాలి. అంతకు ముందూ ఆ తర్వాతా కరెంటు ఉన్న సాకెట్టులో పెట్టి ఆ పరికరం బాగానే ఉందని నిర్ధారించుకోవాలి. న్యూట్రల్ దగ్గర కూడా చూడమనడం చాదస్తం కాదు. ఎక్కడో న్యూట్రల్ ఊడిపోయి, ఇంట్లో ఏదో ఒక లోడు ఆన్‌లో ఉంటే, ఆ లోడు గుండా వచ్చిన ఫేజు నల్లటి న్యూట్రల్ తీగలో నిలబడి ఉంటుంది.

తీగలు కలిపేటప్పుడు రిలే తెంచాల్సింది ఫేజునే. న్యూట్రల్‌లో ఒంటరి స్విచ్ పెట్టరాదన్న మాట 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోనే ఉంది. మన స్విచ్ బోర్డులకు ఒక అదృష్టం ఉంది. లైట్ల స్విచ్‌ల పక్కనే 5 ఆంపియర్ల సాకెట్టు పెట్టే అలవాటు వల్ల న్యూట్రల్ చాలావాటిలో దొరుకుతుంది. మెట్ల దగ్గరి రెండువైపుల స్విచ్ డబ్బాలో మాత్రం తరచుగా దొరకదు. అప్పుడు రెండు దొంగదారులు తడతాయి. పక్క సర్క్యూట్ న్యూట్రల్‌ను అరువు తెచ్చుకోవడం ఒకటి. దాంతో ఆ సర్క్యూట్ ఎంసీబీ దించి పనిచేసేవాడి చేతికి, కరెంటు లేదనుకున్న న్యూట్రల్‌లో కరెంటు తగులుతుంది. ఆర్‌సీసీబీలు వేరువేరుగా ఉంటే రెండూ పడిపోతుంటాయి. రెండో దారి ఇంకా చెడ్డది, ఆకుపచ్చ ఎర్తు తీగనే న్యూట్రల్‌గా వాడడం. మాడ్యూలు చక్కగా పనిచేస్తుంది కూడా. అక్కడే ఉంది ప్రమాదం. ఎర్తు గొయ్యి ఎండిపోయో, జాయింటు తుప్పు పట్టో ఆ దారి తెగిన రోజున, మాడ్యూలు గుండా వచ్చిన ఫేజు ఆ ఎర్తు తీగకు కట్టిన ఫ్రిజ్జు డోరు మీదా వాషింగ్ మెషీన్ రేకు మీదా వచ్చి కూర్చుంటుంది. మనిషిని కాపాడాల్సిన తీగే మనిషి దాకా కరెంటు మోసుకొస్తుంది. న్యూట్రల్ లేనిచోట కొత్త తీగ లాగాలి, లేకపోతే న్యూట్రల్ అవసరం లేని రకం మాడ్యూలు తెచ్చుకోవాలి. ఇంకో సంగతి, మాడ్యూలు నుంచి గోడ స్విచ్‌కు వెళ్లే సన్నటి తీగల్ని చాలామంది తక్కువ వోల్టేజివనుకుంటారు. అనేక మాడ్యూళ్లలో లోపలి పవర్ సప్లైకి ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. కనుక చిప్పు 3.3 వోల్టుల వైపు మొత్తం ఫేజుతో ముడిపడే ఉంటుంది. ఆ తీగలకూ మామూలు ఇంటి వైరింగ్‌కు వాడే తీగే వాడాలి. అలాంటి మాడ్యూలుకు గోడ కరెంటు ఇస్తూ ల్యాప్‌టాప్ కేబుల్ తగిలించకూడదు.

ఇక లోడు. రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటే కొనేవారు గీజరుకు సరిపోతుందని లెక్కేసుకుంటారు. 2000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు లాగుతుంది, లెక్క సరిగానే ఉంది. కానీ ఆ 10 అన్నది నిరోధపు లోడుకు, మంచి చల్లదనంలో, కొత్త మొనలకు చెప్పిన మాట. అలాంటి చిన్న రిలేల డేటా షీట్లు యాంత్రికంగా కోటిసార్లు పనిచేస్తుందని, పూర్తి లోడుతో మాత్రం లక్షసార్లని చెబుతుంటాయి. మొనల్ని అరగదీసేది ఎక్కువగా నిప్పురవ్వలేనన్నమాట. ఫ్యానూ మోటారూ ఆగేటప్పుడు రవ్వ పెద్దదవుతుంది. ఎల్‌ఈడీ బల్బుదీ ఒక గమ్మత్తు. 10 వాట్లే కదా అనిపిస్తుంది, కానీ దాని లోపల ఖాళీగా ఉన్న కెపాసిటరు, అల శిఖరం దగ్గర రిలే కలిస్తే ఒక్కసారిగా కరెంటును మింగుతుంది. దారిలో 10 ఓమ్‌ల నిరోధమొక్కటే ఉంటే ఆ క్షణానికి 32 ఆంపియర్లు. ఒక హాల్లో ఇలాంటి దీపాలు పన్నెండు ఒకే రిలే మీద ఉంటే మొనలు కరిగి అతుక్కుపోయే అవకాశం బాగా పెరుగుతుంది. అందుకే కాస్త మంచి రిలేల్లో అతుక్కోవడానికి లొంగని వెండి, టిన్ ఆక్సైడ్ మిశ్రమం వాడతారు. అతుక్కున్న రిలేకు ఎన్ని ఆజ్ఞలు పంపినా ఫోనులో ఆఫ్ అనే కనబడుతుంది, గీజరు మాత్రం కాగుతూనే ఉంటుంది. గీజరుకు సొంతంగా థర్మోస్టాటు, భద్రతా వాల్వు ఉంటాయి కాబట్టి సరిపోయింది. నీళ్ల ట్యాంకు నింపే మోటారుకు అవి లేవు. గీజరు, ఎయిర్ కండిషనరు, బోరు మోటారు లాంటివాటికి చిన్న రిలేతో కాంటాక్టరును, అంటే పెద్ద లోడులకు తయారైన పెద్ద రిలేను, నడిపించి, కాంటాక్టరుతో లోడును నడిపించడం సరైన దారి. ఏ లోడుకు ఏ కాంటాక్టరన్నది కూడా తయారీదారు ఇచ్చే పట్టికలో వేరువేరుగా ఉంటుంది, మోటారుకు విడి తరగతి.

ఎంసీబీ ఉంది కదా, అతి కరెంటును అదే తెంచుతుందని ఒక వాదన వినబడుతుంది. ఎంసీబీ కాపాడేది గోడలోని తీగను, రిలేను కాదు. ఇంటి ఎంసీబీల ప్రమాణం ప్రకారం, రాసిన విలువకు 1.13 రెట్ల వరకు అది గంటలోపల పడకూడదు. 1.45 రెట్ల దగ్గరైతే గంటలో పడాలి. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 18 ఆంపియర్లను అది కదలకుండా మోయగలదు, 23 ఆంపియర్లను కూడా దాదాపు గంటసేపు భరించగలదు. దాని కింద 10 ఆంపియర్ల రిలే కూర్చుని ఉంటుంది. మొనల నిరోధం 10 మిల్లీ ఓమ్‌లైతే 10 ఆంపియర్ల దగ్గర వేడి ఒక వాట్. అరిగి అది 100 మిల్లీ ఓమ్‌లకు చేరితే పది వాట్లు. గోడలో పూడ్చిన ప్లాస్టిక్ డబ్బాలో, గాలి ఆడనిచోట, పది వాట్ల వేడి పోయే దారి లేదు. చాలా మాడ్యూళ్లు 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత దాకా పనిచేస్తాయని రాస్తారు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో బయటే 45 దాటే రోజులుంటాయి, పడమటి గోడలోని డబ్బా సంగతి చెప్పనక్కర్లేదు. ఈ ప్రాంతపు ఇళ్లలో రాసిన విలువలో సగానికే లోడు పెట్టుకోవడం అతి జాగ్రత్త అనిపించుకోదని నా అభిప్రాయం. డబ్బా లోతు సరిపోక తీగల్ని కుక్కి మూత బిగించడం, పాయల తీగను స్క్రూ కింద సగమే పెట్టడం కూడా ఇదే వేడి ఖాతాలోకి వస్తాయి.

సర్టిఫికెట్ ఉన్న మాడ్యూలు కొన్నాక ఇవన్నీ ఎందుకనేది ఇంకొక అభ్యంతరం. ముద్ర లేని సరుకు కొనకపోవడం మంచిదే. ముద్ర చెప్పేది తయారీదారు చెప్పిన పరిస్థితుల్లో ఆ వస్తువు పరీక్ష నెగ్గిందని. ఆ పరిస్థితులను కల్పించేది మాత్రం బిగించేవాడు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే పని చేయించమనడానికీ కారణం అదే, అతనికి కూడా ఈ మాడ్యూలు కాగితం చూపించి, లోడు ఏమిటో ముందే చెప్పాలి. ఆర్‌సీసీబీ లేని ఇంట్లో ఈ పని మొదలుపెట్టకపోవడం మేలు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు గృహాలకు దాని హద్దును 30 మిల్లీ ఆంపియర్లుగా పెట్టాయి. అయినా ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ని అది కాపాడలేదు. వెళ్లిన కరెంటు వెళ్లినంతా తిరిగి వస్తోంది కనుక దానికి తేడా తెలియదు.

మంచం పట్టిన పెద్దవాళ్లు లేవకుండానే ఫ్యాను వేసుకోగలగడం చిన్న సుఖం కాదు, కాబట్టి అసలు పెట్టుకోవద్దనడం నా ఉద్దేశం కాదు. లైట్లకూ ఫ్యాన్లకూ రిలేలు పెట్టుకోవచ్చు. గోడ మీది స్విచ్ వైఫై లేకపోయినా పనిచేసేలా కలపాలి. ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్ పెట్టే సాకెట్లను వదిలేయాలి. యాప్‌లో కరెంటు తిరిగి వచ్చినప్పటి స్థితి అనే అమరిక ఉంటుంది. వేడి చేసేవాటికీ తిరిగేవాటికీ అక్కడ ఆఫ్ ఎంచుకోవాలి, పాత స్థితి అన్నది లైట్లకు మాత్రమే. బిగించడం అయ్యాక రిలేకు ఆఫ్ ఆజ్ఞ పంపి, బల్బు తీసేసిన హోల్డరులో మల్టీమీటరుతో చూడాలి. అంకె సున్నా దగ్గర నిలబడకుండా వంద దాటి 230 దాకా ఎంతైనా చూపిస్తే అది స్నబ్బర్ కావచ్చు, పొడుగు తీగల మధ్య ఊరికే పుట్టిన వోల్టేజీ కావచ్చు. ఒక మామూలు ఫిలమెంటు బల్బు పెట్టి మళ్లీ కొలిస్తే రెండూ రెండు మూడు వోల్టులకో ఇంకా కిందికో పడిపోతాయి. పడకపోతే రిలే అతుక్కుని ఉందో, తీగ తప్పు చోట కలిసిందో తేల్చుకున్నాకే మూత బిగించాలి. ఏ బోర్డులో రిలేలున్నాయో, అది ఏ ఎంసీబీ కిందికి వస్తుందో, ఇన్వర్టరు తీగ ఉందో లేదో డీబీ తలుపు లోపలి వైపు చీటీ మీద రాసి అంటించాలి. రేపు ఆ ఇంట్లో అద్దెకు దిగేవాళ్లకో, ఫ్యాను బాగుచేయడానికి వచ్చినవాడికో ఇవన్నీ వేరే ఎవరూ చెప్పరు.